జపాను వీథులలో వేషము

తెలుగులో వేషమను మాటకు రెండు ముఖములు కలవు. నాటకములో రామవేషము కట్టినవానికి హారతి పట్టుదుము. వీథిలో పిల్లవాడు జుట్టుకు రంగు పూసికొని వచ్చినచో "ఏమిటీ వేషాలు?" అని కసరుదుము. మార్కాపురము బజారులోను, గిద్దలూరు రైలు స్టేషను వద్దను ఈ రెండవ మాట ఇటీవల తరచుగా వినవచ్చుచున్నది. కళాశాలకు పోవు పిల్లలు చేతిలోని ఫోనులో జపాను యువతీయువకుల బొమ్మలు చూచుచున్నారు. గులాబిరంగు జుట్టు, కుచ్చుల పావడా, ఒక్కొక్క కాలికి ఒక్కొక్క రంగు మేజోడు. పెద్దలు ఆ బొమ్మలను ఒకసారి తిలకించి, పడమటి గాలి తూర్పు దేశమునకును సోకినదని తేల్చివేయుచున్నారు.

ఆ తీర్పు సరియైనదేనా అని విచారించుటకే ఈ ప్రసంగము. విచారించిన కొలదిని ఆ కథ నాలుగు వందల యేండ్లు వెనుకకు పోవుచున్నది. అంతియే గాక, మన సముద్రతీరపు అద్దకములను, నల్లమల కరక్కాయను కూడ వచ్చి తాకుచున్నది.

17వ శతాబ్ది ఆరంభమున జపానులో అంతర్యుద్ధములు అణగినవి. తొకుగావ వంశపు షోగునులు ఎడో నగరమును, అనగా నేటి టోకియోను, రాజధానిగా చేసికొని పాలింపసాగినారు. యుద్ధము లేదు గనుక పడుచు సైనికులకు పని లేదు. అట్టివారును, వారి సేవకులును గుంపులు కట్టి నగరవీథులలో వింత ఉడుపులతో తిరుగజొచ్చినారు. మగవారై యుండి ఆడువారి కిమోనో భుజమున వేసికొనుట, మఖమలు అంచులు కుట్టించుట, నేలకు రాచుకొనునంత పొడవైన కత్తులు ధరించుట, జుట్టు విచిత్రముగా దువ్వుట వారి లక్షణములు. లోకులు వారికి 'కబుకిమోనో' అని పేరు పెట్టినారు. 'కబుకు' అనగా ప్రక్కకు ఒరుగుట. నిటారుగా నడువని వారని భావము. మన పల్లెలలో "వాని నడకే వేరు" అనునది దాదాపు ఈ అర్థమే గదా!

వీరందరును సాధుజనులని మేము చెప్పబోము. కొట్లాటలు, దౌర్జన్యములు వీరి దినచర్యలో కలవు. 1612లో ఓతోరి అను నాయకుని, అతని అనుచరులను సుమారు 300 మందిని ప్రభుత్వము పట్టి చంపించినది. కాని అప్పటికే 1603 ప్రాంతమున ఒకుని అను నర్తకి క్యోటో నగరమున ఈ వీథి జనుల వేషమునే తాను ధరించి ఆడి చూపినది. ఆ ఆటకు కబుకి యను పేరు నిలిచినది. 1629లో స్త్రీలు రంగమెక్కరాదని ప్రభుత్వము నిషేధించినను ఆట చావలేదు. నేడు ప్రపంచమెల్ల జపాను ప్రాచీన కళయని గౌరవించు కబుకి నాటకము పుట్టినచోటు ఒరిగి నడచిన కుఱ్ఱకారు వేషము!

ఇక మన గుడ్డల సంగతి. ఇంచుమించు ఆ సంవత్సరములలోనే డచ్చి వర్తకులు మచిలీపట్నమునందును, నేడు నిజాంపట్నమనబడు పెద్దపల్లె రేవునందును దిగినారు. 1611లో ఆంగ్లేయులు మచిలీపట్నము చేరినారు. డచ్చివారు 1609లో జపాను దేశపు హిరాదో రేవున గిడ్డంగి పెట్టినారు. 1641 నుండి నాగసాకి వద్దనున్న దెజిమా అను చిన్న దీవిలో మాత్రమే వారికి చోటు. ఐరోపా వారిలో మరి యెవ్వరికిని జపానులో అడుగు పెట్టుటకు వీలు లేకుండెను. వారి ఓడలలో పోయిన సరకులో కోరమాండలు తీరపు నూలు గుడ్డ ఒకటి. అద్దకపు గుడ్డను జపానువారు 'సరస' అన్నారు. చారల గుడ్డను 'షిమ' అన్నారు. షిమ అనగా దీవి. దీవుల మీదుగా వచ్చినది గనుక ఆ పేరు. అందులో ఒక సన్నచారల రకమునకు 'సంతొమె' అని పేరు. అది మద్రాసు ప్రక్కనున్న శాంతోము పేరే. నేడును జపాను భాషలో చారకు షిమ యన్నదే మాట. ఒక దేశపు నిత్యవ్యవహారములో మన తీరపు నేత ఇట్లు మాటయై కూర్చున్నది.

ఆ అద్దకమునకు అంత విలువ యెందుకు వచ్చినదో చెప్పవలెను. ఎఱుపు రంగు నూలు గుడ్డ కంతకును పై పూతగా ఉండి ఉతుకగానే పోవుట ఆ కాలమున చాల చోట్ల ఉన్న బాధ. మన అద్దకమువారు ముందు గుడ్డను కరక్కాయ రసములోను గేదె పాలలోను నానవేసి ఎండబెట్టుదురు. పిమ్మట పటిక నీటితో బొమ్మ గీయుదురు. ఆపైన చిరువేరు వేసిన కాగులో ఉడికింతురు. పటిక తగిలిన చోటనే ఎఱుపు పట్టును, తగులని చోట పారు నీటిలో జాడింపగా తెల్లబడును. అట్లు పట్టిన రంగు ఉతికిన కొలదిని తేటపడును గాని పోదు. కృష్ణా ముఖమునకు సమీపముననున్న ఇసుకనేలల చిరువేరునకు మంచి పేరుండెడిది. కరక్కాయ మన గిద్దలూరు వైపు కొండలలో చెంచువారు ఏరి తెచ్చెడి కాయయే. దగ్గుకు నమలెడి ఆ వగరుకాయ లేనిదే ఎఱుపు నిలువదని అంగడిలో దానిని కొనువారిలో ఎందరెఱుగుదురు?

జపానుకు పోయిన సరస యంతయు తెలుగుతీరముదే యని మేము అనుట లేదు. గుజరాతు సరకు కూడ చాల కలదు. ఎక్కడిదైనను, అచ్చట అది అపురూపమైన వస్తువు. చిన్న పేలికను సైతము పారవేయక తేనీటి పాత్రలకు సంచులు కుట్టుకొనెడివారు, పొగాకు తిత్తులు చేసికొనెడివారు. హికొనె సంస్థానమునకు చెందిన ఈ కుటుంబము వారు చేర్చిన 450 ముక్కలు నేడు టోకియో జాతీయ ప్రదర్శనశాలలో భద్రముగా ఉన్నవి. 1778లో సరస నమూనాలతో 'సరస బెన్రన్' అను పుస్తకము కూడ అచ్చయినది. కొనలేనివారు చూచి తమ చేతులతో అద్దుకొనుటకు అది దారి చూపినది.

ఇచ్చట ప్రభుత్వము మరల ప్రవేశించును. ఎడో నగరపు వర్తకులు ధనవంతులు, కాని కులములో అడుగువారు. వారు పట్టు కట్టరాదు, ఫలానా రంగు ధరింపరాదు అని షోగునులు శాసనము మీద శాసనము చేసినారు. 1681లో ఇషికావ రొకుబె యను వర్తకుని భార్య మిక్కిలి ఆడంబరముగా అలంకరించుకొని షోగును కంటబడినది. ఫలితముగా ఆ దంపతుల ఆస్తి జప్తు అయినది, వారిని నగరము నుండి వెడలగొట్టినారు. ఆ తరువాత జనులు తెలివి నేర్చినారు. పైన బూడిద రంగు, గోధుమ రంగు ముతక బట్ట. లోపలి అస్తరు మాత్రము సరస! నడచునపుడు అంచు తొలగినచో క్షణకాలము మెఱయును, శాసనము చేతికి చిక్కదు. సన్నచారల సంతొమె గుడ్డ ఎడో రసికులకు ప్రాణమైపోయినది. దానిని తరువాత కవగోయె అను ఊరిలో తామే నేయ నేర్చినారు. పైకి కనబడని దానియందే సొగసు కలదను వారి అభిరుచి ఈ నిషేధముల క్రిందనే పెరిగినది. చట్టము చేసినవాడు తన కోరికకు సరిగా వ్యతిరేకమైన దానిని పెంచిపోషించుట చరిత్రలో తరచు కనబడు వింత.

1868 తరువాతి కథ త్వరగా చెప్పవచ్చును. చక్రవర్తి కాలము వచ్చినది. ఉద్యోగులు కోటు తొడిగినారు, విద్యార్థులకు సైనికుల తీరున మెడ మూసిన నల్లకోటు వచ్చినది, 1920ల నుండి బాలికలకు నావికుల కాలరు చొక్కా వచ్చినది. 1925లో కోన్ వాజిరో అను పండితుడు గింజా వీథిలో నిలిచి పోవువారి ఉడుపులను లెక్కించినాడు. పురుషులలో నూటికి 67 మంది పాశ్చాత్య వేషములో ఉన్నారు, స్త్రీలలో 99 మంది స్వదేశపు ఉడుపులోనే ఉన్నారు. పత్రికలేమో ఆ రోజులలో జుట్టు కత్తిరించుకొన్న 'మోగా', అనగా నవీనయువతి, దేశమును ముంచివేయుచున్నదని గగ్గోలు పెట్టుచున్నవి! నూటికి ఒక్కతె ఎట్లు ముంచినదో వారికే తెలియవలెను. 1940లో యుద్ధప్రభుత్వము పురుషులకు జాతీయ ఉడుపును నిర్ణయించి, భోగమే శత్రువని వీథులలో పలకలు కట్టినది. అంతటితో మోగాయును మాయమైనది.

యుద్ధానంతరమున అమెరికా సైన్యము దిగినది. టోకియోలో యొయోగి మైదానమున ఆ సైనిక కుటుంబములకు ఇండ్లు వెలిసినవి. వారికై అమెరికా సరకులమ్ము అంగళ్లు ప్రక్క పేటలో ఏర్పడినవి. ఆ పేట పేరే హరజుకు. 1964 ఒలింపిక్ క్రీడలకు ఆ స్థలము తిరిగి జపానువారి చేతికి వచ్చి క్రీడాకారుల విడిది అయినది.

ఆ 1964 వేసవిలో గింజాలోని మియుకి వీథిలో కొందరు బాలురు చేరసాగినారు. జపాను పత్రికలు ఇట్టి గుంపులకు 'జొకు', అనగా తెగ, అని పేరు పెట్టును. వీరు మియుకి తెగవారు. వీరి నేరమేమి? అమెరికా కళాశాలల వారి తీరున చొక్కా కాలరుకు గుండీలు, చీలమండ కనబడు పొట్టి పంట్లాము, చంకలో ఒక పెద్ద కాగితపు సంచి. బడి ఉడుపు ఆ సంచిలో ఉండును. వారు ఏమియు చేయరు. నిలుచుందురు, నడుతురు, ఒకరినొకరు చూచుకొందురు. ఆ అమెరికా వేషములో మద్రాసు గళ్ళ గుడ్డకు పెద్ద పీట. మన తీరపు నేత రెండవసారి, ఈసారి అమెరికా చుట్టి, జపాను చేరినదన్నమాట. క్రీడలకు విదేశీయులు రానున్నారు, వీథి శుభ్రముగా ఉండవలెనని 1964 సెప్టెంబరు 19వ తేదీ సాయంకాలము పోలీసులు వచ్చి పడినారు. సుమారు 200 మందిని ఆపి, 85 మందిని ఠాణాకు కొనిపోయినారు. మియుకి తెగ అంతరించినది. పిమ్మట కొలది యేండ్లకే అదే కాలరు, అదే పంట్లాము ఆఫీసు గుమాస్తాల సాధారణ ఉడుపై కూర్చున్నవి.

ఇచ్చట మన దేశపు సంగతి ఒకటి జ్ఞాపకము రాక మానదు. 1921లోను ఆ తరువాతను ఒక తెల్ల ఖద్దరు టోపీ పెట్టుకొని వచ్చిన విద్యార్థిని చూచి అధికారులు రాజద్రోహిని చూచినట్లు చూచినారు. ఖద్దరు టోపీ వెనుక ఒక మహోద్యమము కలదు, మియుకి బాలుని పంట్లాము వెనుక ఏమియు లేదు. రెండింటిని ఒక త్రాసులో వేయుట లేదు. కాని తలమీది గుడ్డముక్కను చూచి భయపడు అధికారికి మాత్రము ఆ భేదము తెలిసినట్లు లేదు.

1970లలో బడిలోని మొండి బాలికలు పావడాను చీలమండల వరకు పొడిగించి తమ ధిక్కారము చూపినారు. ఉపాధ్యాయులు కత్తెరలతో నిలిచినారు. 1990లలో వారి తరువాతి తరము అదే పావడాను మోకాలి పైకి మడచి, వదులు మేజోళ్లు తొడిగినది. అప్పుడును ఉపాధ్యాయులే, ఈసారి కొలబద్దతో. పొడుగు చెడ్డదా, పొట్టి చెడ్డదా యన్నది అసలు ప్రశ్న కాదని దీనివలన స్పష్టమగుచున్నది.

ఇక హరజుకు. 1977 నుండి అచ్చటి పెద్దవీథిలో ఆదివారము బండ్లను ఆపివేసి, కాలినడక వారికి విడిచినారు. 'తకెనొకొ' యను ఒక అంగడివారు చౌకలో కుట్టిన జిగేలుమను వదులు దుస్తులు అమ్మెడివారు. తకెనొకొ అనగా వెదురు మొలక. 1980 ప్రాంతమున బాలబాలికలు వందల కొలది ఆ దుస్తులను సంచులలో తెచ్చుకొని, అచ్చటనే మార్చుకొని, వీథిలో వలయములు కట్టి ఆడెడివారు. సాయంకాలమునకు మరల మామూలు బట్టలు, రైలు, ఇల్లు. సోమవారము బడి.

ఈ ఏర్పాటు మనకు క్రొత్తది కాదు. తిరుపతి గంగమ్మ జాతరలో ఆ కొలది దినములు పురుషుడు చీర కట్టవచ్చును, మొగము నిండ రంగు పూసికొనవచ్చును. ఎవరును కసరరు, పైగా దండము పెట్టుదురు. పీర్ల పండుగనాడు పులివేషము వేసిన కుఱ్ఱవాని డప్పు వెంట ఊరెల్ల నడచును. పగటివేషగాడు ఊరిలోనికి వచ్చిన దినమున వాడే దొర, వాడే భిక్షువు. నియమిత కాలము, నియమిత స్థలము ఉన్నచో వేషమును మనము పూజింతుము కూడ. జపాను నగరబాలలకు ఊరి జాతర దూరమైనది. వారు ఆదివారమును, ఒక వీథిని తీసికొని తమ జాతరను తామే కల్పించుకొన్నారని మాకు తోచుచున్నది. తేడా యొక్కటే. జాతర వేషమును తాతలు నిర్ణయింతురు, హరజుకు వేషమును ధరించినవారే నిర్ణయించుకొందురు. పెద్దలకు బాధ కలిగించునది రంగు కాదు, ఈ రెండవ సంగతి.

1997లో అఓకి షోయిచి యను ఛాయాగ్రాహకుడు 'ఫ్రూట్స్' అను పత్రిక పెట్టి ఆ వీథి పిల్లల బొమ్మలను నెలనెల ప్రకటించినాడు. ప్రక్కన వారి వయస్సు, ఏ వస్తువు ఎక్కడిది అను వివరము. అమ్మమ్మగారి కిమోనోను కత్తిరించి, పాత ఇంగ్లీషు కోటుతో కలిపి, మిగిలినది చేతితో కుట్టికొన్నవారు అందులో ఎందరో. లొలితా వేషమను మరియొక తీరు కలదు. విక్టోరియా రాణి కాలపు బొమ్మవలె లేసులు, కుచ్చులు, మెడ నుండి మోకాలి వరకు నిండు ఉడుపు. పేరు విని తప్పు తలంపవలదు. పరుల కంటికింపుగా కాక తమ ముచ్చటకై కట్టుకొనెడి వేషమని ఆ యువతుల వాదము. 2001లో ఆరంభమైన వారి పత్రిక దుస్తులు కత్తిరించు నమూనా కాగితములను కూడ ఇచ్చెడిది.

2004లో వచ్చిన 'షిమొత్సుమ మొనొగతారి' యను చలనచిత్రమును గిద్దలూరు ఆడపిల్లలు చూచినచో తమ కథయే యనుకొందురు. వరిచేలు, ఆవులు గల ఒక పల్లెటూరి బాలిక లేసు గౌనుల మీది మక్కువతో గంటల కొలది రైలులో ప్రయాణించి టోకియో అంగడికి పోవును. ఊరిలోని వారికి ఆమె వింత. ఆమెకు ఊరు వింత. కాని ఆమె చేతిలో సూది కలదు. చివరకు ఆమె కుట్టుపనియే అంగడివారిని ఆకర్షించును. గుంటూరు బండి కొఱకు కంభము స్టేషనులో కాచుకొని కూర్చుండు పిల్లలకు ఆ దూరమెంతయో వేరుగ చెప్పనక్కఱలేదు.

1998లో హరజుకు ఆదివారపు వీథిని మరల బండ్లకు విడిచినారు. గొడవ, చెత్త అని ఇరుగుపొరుగువారి ఫిర్యాదులు. పిల్లలు ప్రక్కనున్న వంతెన మీదికి జరిగినారు. 2009లో ప్రభుత్వము హఠాత్తుగా మనసు మార్చుకొన్నది. విదేశాంగ శాఖ ముగ్గురు యువతులను దేశపు ముద్దులొలుకు వేషములకు రాయబారులుగా నియమించినది. ఒకరు లొలితా, ఒకరు హరజుకు తీరు, మూడవ వారు బడి ఉడుపు తీరు. కత్తెర, కొలబద్ద పట్టిన వారి వారసులు ఆ పావడాకే రాయబారమిచ్చినారు! 2017లో ఫ్రూట్స్ ఆగిపోయినది. బొమ్మ తీయదగిన పిల్లలు వీథిలో కనబడుట లేదని అఓకి చెప్పిన కారణము. చౌక అంగళ్లు ఒకే తీరు బట్టను లోకమంతటికి పంచుట, వీథికి బదులు ఫోనులో కనబడుట చాలుననుకొనుట, ఈ రెండును దానికి తోడ్పడినవని మా అభిప్రాయము. 1964 పోలీసులు చేయలేని పనిని అంగడి చేసినది. గిద్దలూరు దర్జీ ముందున్న బల్లమీద చూచినను ఆ సంగతి తెలియగలదు. కొలతలిచ్చి క్రొత్త బట్ట కుట్టించువారి కంటె కొన్న పంట్లాము అంచు మడిపించువారే ఎక్కువ.

వేషపు ముచ్చట మాత్రము అడుగంటలేదు. 2018లో టోకియోలో మన తెలుగు చిత్రము 'బాహుబలి'ని కేకలు వేయుచు చూచుటకు అనుమతించిన ప్రత్యేక ప్రదర్శనలకు అభిమానులు చీరలు కట్టి, బొట్లు పెట్టి, పాత్రల కవచములను తామే చేసికొని వచ్చినారు. 2024 జనవరిలో స్త్రీలే అన్ని పాత్రలు ధరించు తకరజుకా నాటకసంఘమువారు 'ఆర్.ఆర్.ఆర్.' కథను రంగమెక్కించినారు. భీముని పాత్రను ఒక జపాను వనిత ధరించినది.